మూడో పిలుపు

మసకకోనలో మార్గశిరం వచ్చిందంటే సూర్యుడు కూడా దారి అడుక్కుంటూ రావాలి. పొద్దు బారెడెక్కినా పొగమంచు కదలదు. మేసే గడ్డి కనపడదు, దాన్ని మేసే మూతీ కనపడదు. అలాంటి చోట బతకాలంటే కళ్ళకన్నా గొంతు ముఖ్యం. అందుకే అక్కడ ఎవరి కూత వాళ్ళకుండేది. నెమలి కేక నెమలిది, పంది గురక పందిది, కుందేలు నోరెత్తకుండా నేలను కాలితో తట్టేది. కొండగొర్రె మాత్రం మొరిగేది. ఆ జాతికి దేవుడు జింక ఒళ్ళిచ్చి కుక్క గొంతిచ్చాడు, ఆ రోజు ఆయన ఏ ధ్యాసలో ఉన్నాడో మరి.

ఆ కోనకు తాతలనాటి కట్టుబాటు ఒకటుండేది. మంచులో ఎవరు పిలిచినా మూడో పిలుపుకి గానీ పలకకూడదు. గాలికీ ధూళికీ దయ్యానికీ రెండు పిలుపులకు మించి ఓపిక ఉండదట. మూడోసారి కూడా పిలిచేది కన్నవాళ్ళూ, కావలసినవాళ్ళేనట.

ఈ కట్టుబాటుకి మొదటి గొడ్డలిదెబ్బ పడింది గోరింక వల్ల. కొండ మొదట్లో పాడుబడ్డ బంగళా ఒకటుంది. దానికో కాపలాదారు ఉండేవాడు. సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, సిగ్నలు కోసం మెట్టు మెట్టుకీ ఆగుతూ "హలో... హలో..." అంటూ పొద్దంతా కొండెక్కి దిగేవాడు. జీతం చాలక అతను వెళ్ళిపోయాడు గానీ, ఆ మాట గోరింక నోట్లో మిగిలిపోయింది. అది కొమ్మ మీద కూర్చుని తియ్యగా "హలో" అంటే కోనంతా మెడలు తిప్పి వినేది. పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువ కదా.

ఆ రుచి పసిగట్టినవాడు నక్క. ఒక మధ్యాహ్నం మంచు విడిచిన వేళ అందరినీ చదునురాయి దగ్గరికి పిలిచాడు.

"చూడండర్రా," అన్నాడు గొంతు సవరించుకుని. "మంచులో మీరు కూత పెట్టగానే చిరుతపులికి ఏం తెలుస్తోంది? ఇది నెమలి, ఇది పంది, ఇది కొండగొర్రె అని పేరుపేరునా తెలుస్తోంది. వాడికి మీరే వంటకాల పట్టీ చదివి వినిపిస్తున్నారు. అదే అందరూ ఒకే మాట అన్నారనుకోండి, ఎవరు ఎవరో వాడికెలా తెలుస్తుంది?"

"నిజమే సుమా," అంది అడవిపంది.

"గోరింక వదిన దగ్గరుంది ఆ మాట. పెద్దవాళ్ళ మాట. ఒకరు హలో అంటే రెండోవాళ్ళు వెంటనే హలో అనాలి. అదీ మర్యాద. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. మూడుసార్లు పిలిపించుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి, మనమేమన్నా అలిగిన అల్లుళ్ళమా?"

అందరూ నవ్వారు. ఎర్రక్క నవ్వలేదు. ఎర్రక్క అంటే కొండగొర్రె, ఒంటి రంగును బట్టి ఆ పేరు. కాళ్ళ మధ్య రెండు నెలల కొడుకు బుడిపి నిలబడి ఉన్నాడు. నుదుటి మీద కొమ్ములు రావలసిన చోట రెండు బుడిపెలు, అందుకే ఆ పిలుపు.

"మాకు మా అరుపు ఉంది కదా మామా," అంది.

నక్క జాలిగా చూశాడు. "ఉందమ్మా, ఉంది. ఎవరు కాదన్నారు? మొన్న మా చుట్టం వచ్చి, మీ కోనలో ఊరకుక్కలు కూడా తిరుగుతాయా అని అడిగాడు. కాదురా, అది మా ఎర్రక్క అని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది."

మళ్ళీ నవ్వులు. ఎర్రక్కకి చెవులు కాలిపోయాయి. ఆ రోజు నుంచి ఆమె మొరగలేదు. కొడుక్కి కూడా ఆ అరుపు నేర్పలేదు. నలుగురితో నారాయణ అనుకుని వాడికీ హలోనే నేర్పింది. అలా చేసినందుకు తర్వాత ఆమె తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

మంచు రోజులు ముదిరాయి. మొదట్లో ముచ్చటగానే ఉంది. తెల్లటి మంచులో అటునుంచి ఒక హలో, ఇటునుంచి ఒక హలో. తర్వాత ఒకనాడు కుందేలు కనపడలేదు. "పై కోనలో గడ్డి బాగుందట, పోయి ఉంటాడు," అన్నాడు నక్క. నాలుగు రోజులకు అడవిపంది పెళ్ళాం కనపడలేదు. "పుట్టింటికి పోయి ఉంటుందిలే బావా, మీ గురకకి ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది," అన్నాడు నక్క. పంది నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఎవరి అరుపూ వినపడలేదు. మాయమైనవాళ్ళు ఏడ్చినా, పెనుగులాడినా తెలిసేది. వాళ్ళు మంచులో పలికి, మంచులోనే కరిగిపోయినట్టు ఉంది.

ఒక ఉదయం ఎర్రక్కా నెమలీ పక్కపక్కన మేస్తున్నాయి. ఇద్దరి మధ్య నాలుగు అడుగుల దూరం లేదు, అయినా ఒకరికొకరు కనపడరు. గింజలు ఏరుతున్న నెమలి ముక్కు చప్పుడు మాత్రం టకటకమని వినపడుతోంది.

ఎక్కడి నుంచో మెత్తగా వచ్చింది. "హలో..."

"హలో!" అంది నెమలి మర్యాదగా.

అంతే. ముక్కు చప్పుడు ఆగిపోయింది. ఆకుల మీద నుంచి మంచుబొట్లు రాలుతున్నాయి.

"నెమలి వదినా," అంది ఎర్రక్క, గొంతులోనే.

కొంతసేపటికి ఒక ఈక మంచులోంచి తేలుతూ వచ్చి ఆమె మూతి మీద వాలింది. తడిగా ఉంది, వెచ్చగా కూడా ఉంది. ఎర్రక్క దాన్ని విదిలించుకుని, కొడుకుని మోకాళ్ళతో తోసుకుంటూ పరుగెత్తింది. ఆగేసరికి పాడుబడ్డ బంగళా మెట్ల ముందు ఉంది.

ఆ బంగళా వసారాలో మేజరు ఉంటాడు. మేజరు అంటే ముసలి కుక్క. కళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి, చెవులు మాత్రం మిగిలాయి. పూర్వం అక్కడ దిగిన దొర వేటకుక్కల సంతతి. అందుకే అడవి జంతువులు ఆ గుమ్మం తొక్కవు. ఎర్రక్క కూడా అంతవరకూ తొక్కలేదు.

"కొండగొర్రె వాసన వస్తోంది," అన్నాడు మేజరు తల ఎత్తకుండా. "భయపడకు. కరవడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ అరుపు వినపడి చాన్నాళ్ళయిందేం? నా చెల్లెలెవరో అడవిలో ఉన్నట్టు ఉండేది."

"సిగ్గేసి మానేశాను తాతా. ఇప్పుడు హలో అంటున్నాం."

ముసలి కుక్క వెన్ను మీది బొచ్చు మెడ నుంచి తోక దాకా నిక్కబొడుచుకుంది. ముందు కాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. వాటిని తిరిగి మడుచుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"చూశావా?" అన్నాడు. "పళ్ళూడిపోయిన నా ఒంట్లోనే ఆ మాటకి ఎంత పొగరు లేచిందో. దాని పుట్టుక తెలుసా నీకు?"

"పలకరింపు కదా?"

"ఇప్పుడు పలకరింపు. గుర్రం మీది దొర మంచులో చేతులు నోటి దగ్గర దొప్పలా పెట్టుకుని అలాంటి కేకే పెట్టేవాడట. ఆ ఒక్క కేకకి మా తాతలు పదహారుమందీ ఒకేసారి దూకేవాళ్ళు. ఎవరి మీదకో నీకు చెప్పక్కర్లేదు. అంతకంటే ముందు వాళ్ళ దేశాల్లో, ఏటికి అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి రమ్మనే కేకట అది. దొర భోజనాల దగ్గర చుట్టాలకు చెబుతుంటే మా వాళ్ళు బల్ల కింద పడుకుని విన్నారు. తర్వాత అదుగో ఆ గోడకి టెలిఫోను వచ్చింది. అవతల ఎవడున్నాడో కనపడడు కదా, అందుకని మళ్ళీ అదే కేక. అలా అలా పలకరింపు అయి కూర్చుంది."

"మరి దాని అర్థం ఏమిటి తాతా?"

"అర్థమా? నిండుగా అర్థం ఉన్న మాటైతే అది విని ఊరుకోవచ్చు. దీనికి అదీ లేదు. కనపడనివాడు కనపడనివాణ్ణి, ఉన్నావా, ఎక్కడ ఉన్నావు అని అడగడమే దాని పని. బదులు పలికితే ఏం చెప్పినట్టు? ఇదుగో, ఇక్కడ ఉన్నాను అని."

ఎర్రక్క కాళ్ళ మధ్య నుంచి బుడిపి మూతి బయటపెట్టి, "హలో తాతా!" అన్నాడు సంతోషంగా. తల్లి వాడి మూతి మీద ఒకటి వేసింది.

మేజరు నవ్వలేదు. "నాకు వేరే పనేముంది, మంచు రోజుల్లో లెక్కపెడుతూ కూర్చుంటాను. మొదటి హలో ఎప్పుడూ ఒకే గొంతుది. రెండోది ప్రతిసారీ వేరే గొంతు. ఆ రెండో గొంతు మళ్ళీ ఎన్నడూ వినపడదు. మూడో హలో అన్నది నేనింతవరకూ వినలేదు."

"ఆ మొదటి గొంతు ఎవరిది?"

"గాలి ఇటు తిరిగినప్పుడు ఒకసారి మాటలు వినపడ్డాయి. 'మొదటిది నాది ప్రభూ, రెండోదే తమ ముద్ద. మంచులో తమరు చూడక్కర్లేదు, రెండోది వినపడ్డ చోట దూకండి చాలు.' అవతల చిరుతపులి మూతి నాకుకున్న చప్పుడు. ప్రభువుకి ముద్ద దొరికితే ఎంగిలి ఎవరిదో, కోనలో మంచు రోజుల్లో కూడా బలిసినవాడెవడో నువ్వే చూసుకో."

చూసుకోవడానికేముంది. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. ఎర్రక్కకి కోపం వచ్చింది, దానికన్నా ఎక్కువగా ఏడుపు వచ్చింది. తన గొంతును చూసి నవ్విన నోటి కోసం తన కొడుక్కి గొంతు లేకుండా చేసింది.

మధ్యాహ్నం మంచు విడిచింది. నక్క కడుపు నిండి బండ కింద గుర్రు పెడుతున్నాడు. ఎర్రక్క గోరింకని వెతుక్కుంటూ పోయి సంగతంతా చెప్పింది. గోరింక రెక్కలు ముడుచుకుంది.

"నేను తెచ్చిన మాటే కదే ఇది," అంది. "ఏం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దు. రేపు ఎవరూ పలకొద్దు. పాత కట్టుబాటు ఒక్క పూట పాటిస్తే చాలు. మొదటి పిలుపుకి పలకొద్దు, రెండోదానికీ పలకొద్దు."

గోరింక చెట్టు చెట్టుకీ తిరిగి గుసగుసగా చెప్పి వచ్చింది. అడవిపంది విని, ఎవరూ చూడకుండా కళ్ళు నేలకు రాసుకుని, "రేపు నా గురక కూడా వినపడదు వదినా," అన్నాడు.

మిగిలింది బుడిపి. వాడికి హలో అంటే బెల్లం ముక్క. ఆకు రాలినా హలో, పురుగు పాకినా హలో.

"మూడుసార్లు పిలిస్తే గానీ పలకకూడదు నాన్నా."

"మూడంటే ఎన్నమ్మా?"

ఎర్రక్క ఆలోచించింది. తర్వాత వాడి ఎడమ చెవిని మూతితో నెమ్మదిగా వంచింది. "మొదటి పిలుపుకి ఈ చెవి వంచు. రెండో పిలుపుకి ఆ చెవి వంచు. చెవులు రెండూ అయిపోయాకే నోరు. తెలిసిందా?"

"తెలిసింది. హలో!"

ఆమె ఆ రోజంతా వాడిచేత చెవులు వంచిస్తూనే ఉంది. పదిసార్లలో ఏడుసార్లు వాడు రెండో చెవి మరిచిపోయాడు.

మర్నాడు మంచు మరీ చిక్కగా దిగింది. ఎర్రక్క కొడుకుని ఒంటికి ఆనించుకునే మేస్తోంది. కొంచెం అవతల టప్పున ఉసిరికాయ రాలింది. ఇంకొకటి రాలింది. ఆమె తల తిప్పేసరికి పక్కన వెచ్చదనం లేదు.

పిలవాలి. ఏమని పిలుస్తుంది? హలో అంటే వాడు హలో అంటాడు. తన అరుపు వాడికి తెలియదు. ఆమె ఎత్తిన కాలు దించకుండా నిలబడిపోయింది. కోనంతా నిశ్శబ్దంగా ఉంది. అలాంటి నిశ్శబ్దం ఆ కోనలో ఆమె ఎన్నడూ ఎరగదు. అందరూ ఉన్నారు, అందరూ వింటున్నారు, ఒక్కరూ ఊపిరి గట్టిగా వదలడం లేదు.

"హలో..."

మెత్తగా, నున్నగా, నూనె రాసిన గొంతు. మంచులో ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియలేదు. ఎర్రక్కకి తెలియకుండానే ఆమె ఎడమ చెవి వంగింది.

ఎవరూ పలకలేదు. మంచుబొట్టు ఒకటి రాలింది. ఇంకొకటి రాలింది. వంచరా నాన్నా, రెండో చెవి ఉంచుకో, నోరు మూసుకో అని ఆమె లోలోపల వేడుకుంటోంది.

అప్పుడు వినపడింది. సన్నగా, ముద్దుగా, పాలు తాగే పిల్ల గొంతుతో. "హలో!"

బరువైనదేదో గాలిని కోసుకుంటూ పోయింది. గడ్డి మీద ఒక్కటే చప్పుడు, మెత్తటి చప్పుడు. కాసేపు ఏదో తన్నుకుంది. తర్వాత అదీ లేదు.

ఎర్రక్క గడ్డిలో కూలబడింది. బుడిపి గొంతే. రోజుకి వందసార్లు విన్న గొంతే.

మంచులో చిరుతపులి తీరిగ్గా మాట్లాడాడు.

"మంత్రీ, ఇవాళ్టిది పసిదాని గొంతనుకున్నాను. ముదురు కండేమిటయ్యా, ఒకటే నార."

ఎవరూ బదులు చెప్పలేదు.

"ఇంకో వింత చూశావా? కొండగొర్రె పిల్లకి ఇంత కుచ్చుతోక ఉంటుందా?"

మంచుబొట్లు రాలుతున్నాయి. ఎర్రక్క తల ఎత్తింది.

"మంత్రీ?" అన్నాడు చిరుత. ఈసారి గొంతు కొంచెం మారింది. ఆగాడు, విన్నాడు. "మంత్రీ?" అన్నాడు మళ్ళీ.

మూడోసారి పిలవలేదు. మూడోసారి పిలిచేంత కావలసినవాడు కాదు మరి ఆ మంత్రి. ఈడ్చుకుపోతున్న చప్పుడు కొండ మీదికి పోయింది, దానితో పాటే చిరుత వాసనా పోయింది.

ఎవరూ పలకలేదని తొందరపడి, బుడిపిలా పసిగొంతు పెడితే జాలిపడి ఏ తల్లయినా పలుకుతుందని నక్క ఎత్తు వేశాడు. ఎత్తు మంచిదే. కాకపోతే తన ప్రభువుకి తాను నేర్పిన లెక్క మరిచిపోయాడు. అందరిదీ ఒకే మాట అయితే ఎవరు ఎవరో చిరుతకి తెలియదని చదునురాయి మీద చెప్పింది కూడా అతనే. ఆ ఒక్క విషయంలో మాత్రం నక్క నిజమే చెప్పాడు.

ఎర్రక్క లేచింది. నక్క పోయాడు సరే, కొడుకు ఏడీ? ఇక సిగ్గూ లేదు, మర్యాదా లేదు. మెడ చాచి, కడుపులోంచి, తన తల్లి మొరిగినట్టు, తన అమ్మమ్మ మొరిగినట్టు ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు కొండకి తగిలి తిరిగి వచ్చింది. దూరాన బంగళా వసారాలో ఒక ముసలి గొంతు సంతోషంగా మూలిగింది.

ఉసిరిచెట్టు వైపు నుంచి బదులు వచ్చింది. అది హలో కాదు. సగం దగ్గు, సగం తుమ్ము, కొసన చిన్న మొరుగు.

ఆమె మంచుని చీల్చుకుంటూ పరుగెత్తింది. చెట్టు మొదట్లో బుడిపి నిలబడి ఉన్నాడు. నోట్లో ఉసిరికాయ. చెవులు రెండూ కిందికి వంగి, తలకి అతుక్కుపోయి ఉన్నాయి.

"చెవులు రెండూ అయిపోయాయమ్మా," అన్నాడు కాయ ఉమ్మేసి. "మూడో పిలుపు నీదే కదా, అందుకే పలికాను. నువ్వు అలా అరుస్తావని నాకు చెప్పలేదేం?"

ఎర్రక్క వాడి వంగిన చెవులను నాకుతూ ఏడ్చింది. "ఇప్పుడు చెబుతున్నాను కదరా," అంది.

ఆ తర్వాత మసకకోనలో మళ్ళీ ఎవరి కూత వాళ్ళకు వచ్చింది. గోరింక ఆ మాట అనడం మానేసింది. అయినా ఇప్పటికీ మంచు బాగా చిక్కగా దిగిన ఉదయాల్లో కొండ మీద నుంచి ఒక గొంతు వస్తుంది. నున్నగా ఉండదు, తియ్యగా ఉండదు. బరువుగా, ఆకలిగా, అలవాటు లేని మాటని నోట్లో తిప్పుకుంటూ "హలో..." అంటుంది. కోనంతా మేత ఆపుతుంది. అందరూ ఒక చెవి వంచుతారు. కాసేపటికి మళ్ళీ వస్తుంది. రెండో చెవి వంచుతారు. అంతటితో ఆగిపోతుంది, మూడోది ఎప్పుడూ రాదు.

పిలిచినవాడెవడో తెలిసేదాకా రెండు చెవులకే పని చెప్పు, నోటికి చెప్పకు.